నల్లరాళ్ళ మీద అరవై మూడు ఇళ్ళు

ఇంటి నంబరు రాయమన్న చోట గీత పెట్టేసి, దాని కింద అరచేయంత చదరంలో ఇల్లెక్కడుందో గీసి చూపించాలి. శనివారం పొద్దున చాప్టర్ హాల్లో నలభై మందికి పైగా బల్లల మీదికి వంగి ఆ ఖాళీ చదరం వైపే చూస్తున్నారు. చాప్టరంటే అమెరికా మూలవాసులైన నవాహోల ఊరి పంచాయతీ. ఊరి సభలైనా, తగువులైనా, పెళ్ళి భోజనాలైనా ఆ హాల్లోనే. వంటగదిలో గొర్రెమాంసం పులుసు ఉడుకుతున్న వాసన అప్పుడే బయటికి వస్తోంది.

లెనోరా పెష్లకాయ్ బల్లల మధ్య తిరుగుతూ పెన్సిళ్ళు చెక్కి ఇస్తోంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె స్కూలు బస్సు నడుపుతోంది. ఊరున్న బల్లకొండ మీద ఏ ఇంటి కుక్క బస్సు వెంట పడుతుందో, వానొస్తే ఏ మలుపులో చక్రం దిగబడుతుందో ఆమెకి తెలుసు. అందుకే ఈ పనికి రమ్మని కబురు పెట్టారు. పిలిచినందుకు గొప్పగానే ఉంది. లోపలెక్కడో గుబులుగానూ ఉంది.

ఈ ఓటరు ఫారాలు నింపడం వాళ్ళకి కొత్త కాదు. ఆరేళ్ళ క్రితం అందరూ ఒకసారి నింపారు. ఆ తర్వాతే హాల్లో పోలింగు కేంద్రం ఎత్తేశారు, ఓటర్లు లేరని. ఇప్పుడు రాష్ట్రం కొత్త చట్టం చేసింది. నవాహోల ఊరు తన గడ్డ మీద పోలింగు కేంద్రం కావాలని అడిగితే జిల్లా ఎన్నికల కార్యాలయం ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో రాతలో చెప్పాలి. ఊరు తీర్మానం చేసి పంపింది. కార్యాలయం రాతలోనే చెప్పింది. బల్లకొండ మీద ఓటర్లున్న ఇళ్ళు పదకొండే. మిగిలిన అరవై మూడు ఇళ్ళవాళ్ళూ తాము గీసిచ్చిన పటాల ప్రకారమే ఉత్తరపు విభాగంలో ఉన్నారు. వాళ్ళు ఓటెయ్యాల్సింది నలభై ఏడు మైళ్ళ దూరంలో ఉన్న పట్నంలో. కాదని చూపించుకోవాలంటే బుధవారం సాయంత్రం దాకా గడువు.

"మరదలా, అంత సన్నగా చెక్కకు. మనవాళ్ళు కాగితానికి చిల్లు పెట్టి ఇదే మా ఇల్లంటారు" అన్నాడు ఎమర్సన్ అట్టకాయ్. అతను చాప్టర్ కార్యదర్శి. లెనోరాకి మేనత్త కొడుకు. ఎగతాళి చెయ్యడం అతని హక్కు, తిరిగి అనడం ఆమెది.

"నీ ఇల్లు నువ్వు గీసుకో బావా. అక్కయ్య తలుపు తీస్తుందో లేదో అది కూడా పక్కన రాయి."

బల్లల దగ్గర నవ్వులు లేచాయి. ఎమర్సన్ కూడా నవ్వాడు కానీ అతని చూపు గోడ మీది గడియారం వైపే పోయింది.

లెనోరా తన ఫారం ముందే నింపేసింది. ఇంట్లో, వంటబల్ల మీద, తలుపు దగ్గరికి వేసుకుని. ఎవరూ చూడకుండా నింపాలనుకోవడానికి ఆమెకో కారణం ఉంది. కిందటి నవంబరులో, హాల్లో కేంద్రం ఎత్తేశాక బల్లకొండవాళ్ళకి కేటాయించిన దక్షిణపు స్కూల్లో గంటన్నర వరసలో నిలబడితే జాబితాలో పేరు లేదన్నారు. ఓటుని విడిగా ఒక కవరులో పెట్టించుకున్నారు. నెల తిరిగాక చీటీ వచ్చింది. ఓటరు తనది కాని కేంద్రానికి వెళ్ళారు, ఫారంలో చూపిన ఇల్లు ఉత్తరపు విభాగంలో ఉంది, ఓటు లెక్కలోకి రాలేదు. ఊళ్ళో పిల్లలందర్నీ ఇళ్ళకి చేర్చే మనిషి తన ఇల్లెక్కడుందో తాను చూపించలేకపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఓటేశావా అని చెల్లెలు అడిగితే వేశానంది. ఫారం గీసిన రోజు తొందరలో ఉన్నాననీ, కళ్ళజోడు బండిలో మర్చిపోయాననీ ఎవరూ అడగని సంజాయిషీని స్టీరింగు ముందు కూర్చుని రోజుకింత మెరుగు పెట్టుకుంటూ వచ్చింది. కొన్నాళ్ళకి అది చాలా నున్నగా తయారైంది. తప్పు తనదే అనుకోవడంలో ఒక సుఖం ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. తప్పు తనదైతే దిద్దుకోవడం కూడా తన చేతిలోనే ఉంటుంది.

కిటికీ పక్కన ఆస్బా పెద్దమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, ఇప్పటికీ గొర్రెల్ని తనే తోలుకెళ్తుంది. ఆమె ముందున్న కాగితం తెల్లగానే ఉంది.

లెనోరా పెన్సిలు అందించబోతే ఆవిడ తీసుకోలేదు.

"ఒకసారి గీసిచ్చా. నా ఇల్లేం లేచి నడిచిపోలేదుగా."

"ఆఫీసువాళ్ళు పోయిందంటున్నారు పెద్దమ్మా" అన్నాడు ఎమర్సన్ అటునుంచి.

"ఐతే వెతుక్కోమను. వాళ్ళకి బండ్లున్నాయి."

లెనోరా పెన్సిలు బల్ల మీద పెట్టి ఆమె పక్కన కూర్చుంది. పెద్దవాళ్ళ దగ్గర తొందరపడితే పని చెడుతుంది. ఈ ఏడాది ఎన్ని పిల్లలు ఈనాయని గొర్రెల సంగతి అడిగింది. ముసలామె చెప్పింది. చెబుతూనే పెన్సిలు తీసుకుని ముందు తలుపు గీసింది, చదరం పై అంచుకి ఎదురుగా. తలుపు చుట్టూ గుండ్రంగా ఇల్లు. ఇంటి వెనక దొడ్డి. ఎక్కడో కింది అంచున నీళ్ళ ట్యాంకు, అక్కడ మొదలై పైకి వెళ్ళి కుడికి వంగిన మట్టిదారి. దారి మీద ఇనుప కడ్డీలు పరిచిన చోటు కూడా మర్చిపోలేదు, పశువులు దాటకుండా వేసినవి. గీతలో వణుకు లేదు. పై అంచు మీద మిగిలిన కాస్త ఖాళీని, తమవాళ్ళ అలవాటు ప్రకారం, వేలితో కాక పెదవులు ముందుకి చాచి చూపించి, "పొద్దున్నే అక్కణ్ణుంచే కదా" అని ఆపేసింది.

లెనోరా ఆ పటాన్ని అణువణువూ చూసింది. ఎక్కడా తప్పు లేదు. అదే ఆమెని భయపెట్టింది. తన చేత్తో గీసింది కూడా అచ్చం ఇలాగే ఉంది మరి.

*

సోమవారం పిల్లల్ని స్కూల్లో దింపి, బస్సు లోపల ఊడ్చి, టైర్లన్నీ బూటుతో తట్టి చూసి, తన బండిలో ఎమర్సన్‌ని ఎక్కించుకుని పట్నం వెళ్ళేసరికి పదిన్నర దాటింది. ఇంటికొకటి చొప్పున కట్టగా కట్టిన అరవై మూడు ఫారాలు ఎమర్సన్ ఒళ్ళో ఉన్నాయి. కొత్త చట్టం ప్రతి ఒకటి అతని కోటు జేబులో ఉంది. దారంతా దాన్ని తీసి చదివి మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు. పేజీల మూలలు మెత్తబడిపోయాయి.

కార్యాలయంలో వాళ్ళ పని చూసేది విల్మా కెచమ్. అరవైకి దగ్గర పడిన తెల్ల మనిషి, ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్ళు. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది. వాళ్ళని చూడగానే లేచి కుర్చీలు తనే జరిపింది. కాఫీ కావాలా అని అడిగింది. ఆవిడని కోపంగా ఊహించుకుంటూ వచ్చిన లెనోరాకి ఆ మర్యాదతో కొంచెం ఇబ్బందైంది.

ఫారాలన్నీ మళ్ళీ నింపారని, ఈసారి జాగ్రత్తగా గీయించామని ఎమర్సన్ చెప్పాడు. విల్మా మొదటి కాగితం తీసుకుని కంప్యూటరు తెర మీద జిల్లా పటం తెరిచింది. కాగితాన్నీ తెరనీ మార్చి మార్చి చూసి, ట్యాంకు నుంచి దారి పట్టుకుని వెళ్ళి, ఒక చుక్క పెట్టింది. ఇంకో కాగితం. ఇంకో చుక్క. అయిదో చుక్క పెట్టాక చెయ్యి ఆపేసింది.

"చూడండి. మళ్ళీ అక్కడే" అంది మెల్లగా, వాళ్ళ తరపున బాధపడుతున్నట్టే. "పాత చుక్కలు కూడా వేసి చూపిస్తాను."

ఆవిడ ఏదో మీట నొక్కగానే అరవై మూడు చుక్కలు ఒక్కసారి తెర మీదికి వచ్చాయి.

లెనోరాకి మొదట సంతోషం వేసింది. అది తన దారే. ట్యాంకు దగ్గర తారురోడ్డు వదిలి ఎదురుగా సాగి, మధ్యలో చిన్న వంపు, తర్వాత కుడికి మోచెయ్యిలా మడత. రెండు చుక్కలు దగ్గరగా ఉన్నచోట అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు. చిట్టచివర విడిగా ఉన్నది ఆస్బా పెద్దమ్మది. పొద్దున్నే ఆరింటికి బస్సు అద్దంలోంచి చూసే దారి ఎవరో ఆకాశం నుంచి చూసి గీసినట్టుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా అని నోటిదాకా వచ్చింది.

అప్పుడు చుక్కల కింద సన్నటి అక్షరాల్లో ఉన్న పేరు చదివింది. నల్లరాళ్ళ మైదానం.

ఆ మైదానం ఆమెకి తెలుసు. ఎప్పుడో కొండ కరిగి పారి గడ్డకట్టిన రాయి అది. గొర్రెలు కూడా దిగవు, డెక్కలు తెగుతాయి. అక్కడ ఇల్లు కట్టినవాడు ఏ కాలంలోనూ లేడు. ఆమె చూపు తెర కుడివైపుకి జరిగింది. బల్లకొండ అని రాసి ఉన్నచోట పదకొండు చుక్కలున్నాయి. క్లినిక్ పక్కన ప్రభుత్వం కట్టించిన ఇళ్ళవి. నంబర్లున్న ఇళ్ళు, ఎవరూ గీసి చూపించక్కర్లేనివి.

విల్మా చెబుతూ పోతోంది. ఇది మొదటిసారి కాదట. ఆరేళ్ళ క్రితం కూడా ఇలాగే వచ్చాయట. పటం గీయడం అందరికీ రాదు, దాన్లో సిగ్గుపడాల్సిందేం లేదు, గురువారం నుంచి ఒకర్ని పంపి నేర్పిస్తామంది. కాకపోతే ఈ ఎన్నికలకి ఆలస్యమవుతుంది. "అందరూ ఒకే తప్పు చేశారు" అంది.

ఎమర్సన్ మెడ కిందికి వంగింది. తోటివాళ్ళలో ఇంత కలుపుగోలుగా నవ్వించే మనిషి పరాయివాళ్ళ ఎదుట అలా ముడుచుకుపోవడం లెనోరా చూడలేకపోయింది. కిందటేడు చీటీ చదువుతూ తను కూడా అలాగే వంగి ఉంటుందనిపించింది. పక్కనుంచి చూస్తేగానీ అది ఎలా ఉంటుందో తెలియలేదు.

"అరవై మూడు ఇళ్ళవాళ్ళు ఒకే తప్పు చెయ్యరు" అంది.

విల్మా తెర మీంచి తల తిప్పి చూసింది.

లెనోరా లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తెర ముందు నిలబడింది. పరాయి మనిషి కుర్చీ వెనక్కి అలా వెళ్ళడం ఆమెకి అలవాటు లేని పని.

"దీన్లో పొద్దు ఎక్కణ్ణుంచి పొడుస్తుందండీ?"

విల్మా కాస్త వింతగా చూసి తెర కుడి అంచు మీద వేలు పెట్టింది.

"మాకు ఇక్కణ్ణుంచి" అని లెనోరా కాగితం పై అంచు ముట్టుకుంది. "మా తలుపులన్నీ పొద్దు పొడిచే వైపే ఉంటాయి. ఇల్లు చూపించమంటే తలుపులోంచి బయటికి చూస్తాం. ఎదురుగా ఉన్నది పైన గీస్తాం."

"పటంలో పైన ఉండేది ఉత్తరం కదా."

"మీ పటంలో. ఈ చదరం దగ్గర అలాగని ఎక్కడుంది?"

విల్మా కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొదటి నుంచి చివరిదాకా చదివింది. వెనక్కి తిప్పింది. వెనక వైపు కూడా చదివింది. ఎక్కడా లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడకి అది రాసి ఉండక్కర్లేకపోయింది. కాసేపటికి ఆస్బా పెద్దమ్మ గీసిన కాగితం తీసుకుని, రెండు వేళ్ళతో పట్టుకుని, కుడివైపుకి పావువంతు తిప్పింది. ట్యాంకు దగ్గర నుంచి మళ్ళీ దారి పట్టుకుంది. చుక్క బల్లకొండ చివర, నీటి ఊట పక్కన, ముసలామె ఇల్లు నిజంగా ఉన్నచోటే పడింది.

ఎమర్సన్ కుర్చీ ముందుకి జరుపుకుని ఆ చుక్క వైపు వంగాడు.

ముందుగా తేరుకున్నది విల్మాయే. తప్పెక్కడ జరిగిందో తెలిసింది గనక సంతోషమే అంది. కానీ ఓటరు ఇచ్చిన కాగితాన్ని తను తిప్పి అర్థం చెప్పకూడదు, నియమాలు ఒప్పుకోవు. ఉత్తరం పైన పెట్టి అందరి చేతా మళ్ళీ గీయించుకు రావాలి, బుధవారం లోపల. ఎమర్సన్ అప్పటికే లేచి కట్ట సర్దుకుంటున్నాడు. రెండు రోజుల్లో అరవై మూడు గుమ్మాలు ఎలా తిరగాలో అతని కళ్ళలో కనిపిస్తోంది.

"గీయించను" అంది లెనోరా.

ఎమర్సన్ ఆమె వైపు తిరిగాడు.

"వాళ్ళు సరిగ్గా గీశారు. రెండుసార్లు గీశారు. మూడోసారి వెళ్ళి మీరు తప్పు గీశారని నేను చెప్పను. ఆ ముసలావిడతో అసలే చెప్పను." గొంతు పెరగలేదు. బస్సులో అల్లరి మితిమీరినప్పుడు బండి ఆపి వెనక్కి తిరిగి మాట్లాడే గొంతే అది. "బావా, నీ జేబులో ఉన్నది ఇయ్యి."

ఎమర్సన్ చట్టం కాగితాలు తీసి, ఎన్నోసార్లు మడత పడిన చోటు విప్పి బల్ల మీద పెట్టాడు. ఇంటికి నంబరు లేని ఓటరు తన ఇంటిని మాటల్లో చెప్పినా బొమ్మలో చూపినా చెల్లుతుందనీ, దాన్ని అర్థం చేసుకుని సరైన విభాగంలో చేర్చే బాధ్యత కార్యాలయానిదేననీ, సందేహం వస్తే ఊరు పంపిన మనిషి సాయం తీసుకోవాలనీ ఉంది అక్కడ. విల్మా ఆ పేరాని రెండుసార్లు చదివింది. ఫోన్ తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"ఊరు పంపిన మనిషి ఎవరు?" అని అడిగింది.

ఎమర్సన్ పెదవులు ముందుకి చాచి లెనోరాని చూపించాడు. విల్మాకి ఆ సైగ అర్థం కాలేదు. కానీ లెనోరా అప్పటికే కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుంది.

*

మూడు రోజులు, పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య దొరికిన రెండేసి గంటలు. విల్మా కాగితం తిప్పుతుంది, చుక్క పెడుతుంది. లెనోరా చెబుతుంది. ఇది గాలిమర దాటాక ఎడమవైపు రెండో తోవ. ఇది ఆకుపచ్చ కప్పు. వీళ్ళ తోవ చలికాలం మూసుకుపోతుంది, అప్పుడు అవతలి పక్కనుంచి వెళ్ళాలి. ప్రతి చుక్కకీ పక్కన సంతకం పెట్టింది. తను చెప్పేదంతా ఎవరో రాసుకుంటున్నారన్నది ఆమెకి మొదటి రోజంతా విడ్డూరంగానే ఉంది. ఇన్నేళ్ళూ ఇదంతా బండి నడపడంలో ఒక భాగం అనుకుంది తప్ప విద్య అనుకోలేదు.

రెండో రోజు ఆమె సొంత కాగితం వచ్చింది. చుక్క పెట్టాక విల్మా తెర మీద ఏదో తెరిచి, చదివి, లెనోరా వైపు తిరిగింది.

"కిందటేడు మీ ఓటు తీసేశాం."

"అవునండీ."

"మీరు సరైన కేంద్రానికే వెళ్ళారు. పొరపాటు మాది. నాది. ఆ పాత చుక్క పెట్టింది నేనే."

ఈ మాట ఎప్పుడైనా వినపడితే ఎలా ఉంటుందో లెనోరా ఊహించుకోలేదు, ఎందుకంటే తప్పు ఇంకొకరిదై ఉండొచ్చని ఎప్పుడూ అనుకోలేదు. వినపడ్డాక గెలిచినట్టేం అనిపించలేదు. ఏడాదిగా తన మీద తను మోపుకున్న బరువుకి ఒళ్ళు మండింది. చెల్లెలితో ఆడిన అబద్ధం గుర్తొచ్చింది. ఆ మంట పోయిన చోట ఇంకేదో నిటారుగా లేచి కూర్చుంది. దాని పేరేమిటో వెంటనే తట్టలేదు.

"ఇంకా ఎంతమందివి తీసేశారు?" అని అడిగింది.

విల్మా వెతికి చెప్పింది. ఆరేళ్ళలో నూటపద్నాలుగు. పట్నం దాకా వెళ్ళలేక మానేసినవాళ్ళు దీన్లో లేరు. విల్మా కళ్ళజోడు తీసి గొలుసుకి వదిలేసింది. ఇద్దరూ తర్వాతి కాగితం తీశారు.

బుధవారం లెనోరా లోపలికి వచ్చేసరికి ఏదో మారినట్టు కనిపించింది. కాగితాలు విల్మా ముందు తిన్నగానే ఉన్నాయి, తలుపు గీతలు పైకి చూస్తూ. విల్మా వాటిని తిప్పడం లేదు. తెర మీది జిల్లా పటమే పక్కకి తిరిగి ఉంది. తూర్పు పైకి వచ్చింది. పట్నం ఎడమ పక్కకి చేరింది. నల్లరాళ్ళ మైదానం ఆ అంచునే ఖాళీగా మెరుస్తోంది.

"ఇలాగైతే మెడ నొప్పి లేదు" అంది విల్మా ఆమె వైపు చూడకుండా. "ఉత్తరం పక్కకి పోతే ఏం కొంప మునుగుతుందో అనుకున్నా ఇన్నాళ్ళూ. ఏం మునగలేదు."

"అలవాటయ్యేదాకా కాస్త కళ్ళు తిరుగుతాయండీ" అంది లెనోరా. ఇద్దరూ నవ్వారు, పెద్దగా కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి అరవై మూడో సంతకం పడింది. అయిదింటికి, ఊరికి పోలింగు కేంద్రం ఇస్తున్నామని విల్మా పంపిన ఉత్తరం చాప్టర్ హాల్లో ప్రింటరులోంచి బయటికి వస్తున్నప్పుడు లెనోరా పశువుల కడ్డీల మీద బస్సు దడదడలాడిస్తూ చివరి పిల్లని దింపడానికి వెళ్తోంది. సంగతి ఆమెకి చెప్పింది ఎదురొచ్చిన బండ్లే. ఒకటి తర్వాత ఒకటి, లైట్లు వెలిగించి ఆర్పాయి.

*

నవంబరులో ఓటింగు జరిగే ఆ మంగళవారం స్కూలుంది. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని లెనోరా హాలు దగ్గరికి వచ్చేసరికి వరస గుమ్మం దాటి, మెట్లు దిగి, బండ్ల దాకా సాగింది. దుప్పట్లు కప్పుకున్న ముసలివాళ్ళు, నీలిరాళ్ళ గొలుసులు వేసుకుని పండక్కి వచ్చినట్టు వచ్చిన ఆడవాళ్ళు, గనిలో రాత్రి పని దిగి తిన్నగా వచ్చిన మగవాళ్ళు. ఆస్బా పెద్దమ్మ అందరికంటే ముందు వేసేసి, గొర్రెలు చూసుకోవాలని వెళ్ళిపోయిందట. లోపల రొట్టెలు నూనెలో వేగుతున్నాయి.

ఎమర్సన్ మెట్ల మీంచి చూసి చెయ్యి ఊపాడు. "మరదలా, నువ్వు నిలబడేదేంటి. తప్పుకోండర్రా, డ్రైవరమ్మకి దారివ్వండి."

వరసలో వాళ్ళు నిజంగానే పక్కకి జరిగారు. లెనోరా ముందుకి వెళ్ళలేదు.

"నిలబడతాను బావా. ఇంత దగ్గర్లో నిలబడి ఆరేళ్ళైంది."

చివరికి వెళ్ళి నిలబడింది. ఆమె వెనక ఇంకా మనుషులు వచ్చి చేరారు. ఎండ వీపు మీద పడుతోంది. వరస కదలకపోయినా ఆమెకి తొందర లేదు. ముందున్న వీపులన్నీ ఎవరివో తెలుసు. ఎవరి ఇంటి ముందు ఎంతసేపు హారన్ కొట్టాలో తెలుసు. మొన్నటిదాకా వీళ్ళంతా కాగితాల మీద నల్లరాళ్ళలో కాపురం ఉన్నారనుకుంటే నవ్వొచ్చింది.

బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఒకప్పుడు ఆమె బస్సులో వెళ్ళి చదువుకున్నదే. అయినా పేరు చెప్పమంది. పద్ధతి ప్రకారం. లెనోరా పేరు చెప్పింది. ఆ రోజు తొందరలో ఉన్నాననీ, కళ్ళజోడు బండిలో మర్చిపోయాననీ ఆ నున్నటి మాటలన్నీ వాటంతటవే నాలుక చివరికి వచ్చి వరసలో నిలబడ్డాయి.

అమ్మాయి జాబితా మీద వేలు జార్చి, ఆపి, సంతకానికి కాగితం ఇటు తిప్పింది.

"ఇక్కడ పెట్టు పిన్నీ."

లెనోరా సంతకం పెట్టి ఓటు కాగితం అందుకుంది. ఇంకేదో అడుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగింది. అమ్మాయి అప్పటికే ఆమె భుజం మీంచి వెనకున్న మనిషి పేరు అడుగుతోంది.